స్ట్రోక్‌లో స్కాన్ తీసేది రిపోర్టు కోసం కాదు

మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఈ మధ్య ఒక ఫార్వర్డ్ తిరిగింది. పక్షవాతం (స్ట్రోక్) అని అనుమానం వస్తే సీటీ స్కాన్‌తో టైమ్ వేస్ట్ చేసుకోకూడదట, మొదట్లో అందులో ఏమీ కనపడదట, నేరుగా ఎమ్మారై ఉన్న చోటికే తీసుకెళ్లాలట. కింద దణ్ణాల బొమ్మలు, థాంక్యూలు. మా బాబాయి "మనవాడు అదే ఫీల్డు కదా, ఇది కరెక్టేనా?" అని నన్ను లాగారు. అక్కడ రెండు ముక్కలు రాసి ఊరుకున్నాను. గ్రూపులో పట్టని మాటలు ఇక్కడ రాస్తున్నాను.

నేను డాక్టర్ని కాను. గుంటూరుకీ ఒంగోలుకీ మధ్య ఒక ఊళ్లో సీటీ టెక్నీషియన్‌ని. ఎక్కువగా నైట్ డ్యూటీలే. పేషెంటును బల్ల మీద పడుకోబెట్టేదీ, బటన్ నొక్కేదీ, అందరికంటే ముందు బొమ్మ చూసేదీ నేను. అందులో ఏముందో చెప్పే అధికారం మాత్రం నాకు లేదు. చదివేవాళ్లు ఈ సంగతి మనసులో పెట్టుకోండి.

నిజానికి ఆ ఫార్వర్డులో అబద్ధం లేదు. మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడి వచ్చే స్ట్రోక్, మొదటి గంటల్లో మామూలు సీటీలో చాలాసార్లు కనపడదు. అదే ఎమ్మారైలో డిఫ్యూజన్ బొమ్మ తీస్తే నిమిషాల్లోనే తెల్లగా వెలుగుతుంది. రెండూ నిజాలే, వాటిలోంచి లాగిన సలహాయే తప్పు. ఎందుకు తప్పంటే, స్కాన్ అంటే రిపోర్టు తెచ్చుకునే పని అని మనందరికీ అలవాటైపోయింది. కడుపునొప్పికి అల్ట్రాసౌండ్ తీయించుకుని, కవరు చంకలో పెట్టుకుని, మర్నాడు డాక్టరు గారికి చూపిస్తాం. ఆ పద్ధతిలో ఆలోచిస్తే, ఎంత ఎక్కువ కనపడే స్కాన్ అయితే అంత మంచిదే. కానీ స్ట్రోక్ వచ్చిన మొదటి గంటల్లో సీటీ తీసేది జబ్బు ఏమిటో చూపించడానికి కాదు, రిపోర్టు చేతికివ్వడానికీ కాదు. వైద్యం మొదలుపెట్టొచ్చా లేదా అని తేల్చుకోవడానికి.

అడిగేది ఒక్కటే ప్రశ్న

ఉన్నట్టుండి చెయ్యి పడిపోయింది, మూతి వంకరపోయింది, మాట ముద్దగా వస్తోంది. లోపల నరం చిట్లి రక్తం కారి ఉండొచ్చు, గడ్డ అడ్డుపడి రక్తం అందకపోయి ఉండొచ్చు. పైకి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. తలనొప్పి, వాంతులు, బీపీ ఎంతుంది అన్నవి పట్టుకుని ఊహించగలరు గానీ, ఆ ఊహ మీద ఆధారపడి ఇంజెక్షన్ ఇవ్వలేరు. వైద్యాలేమో ఒకదానికొకటి పూర్తిగా ఎదురు. గడ్డను కరిగించే మందు, రక్తం కారుతున్నవాడికి ఇస్తే ప్రాణం తీస్తుంది.

1971 అక్టోబర్ 1న లండన్ శివారులోని అట్కిన్సన్ మోర్లే ఆసుపత్రిలో మొదటిసారి ఒక రోగి తలకు సీటీ తీశారు. అంతకు ముందు కాలంలో ఈ తేడా కనిపెట్టడానికి నడుములోంచి నీరు తీసి చూడటం లాంటి పనులే దిక్కు. తాజా రక్తం సీటీలో తెల్లగా మెరుస్తుంది, కొత్తగా నేర్చుకునే కుర్రాడికి కూడా పెద్ద బ్లీడింగ్ దాటిపోదు. తలకు ప్లెయిన్ సీటీ (డై మందు ఎక్కించకుండా తీసేది) అంటే మెషీన్ తిరిగేది నిమిషం లోపే.

1995లో అమెరికాలో ఎన్ఐఎన్‌డీఎస్ అనే ట్రయల్ (వైద్యాన్ని రోగుల మీద పరీక్షించి చూసే అధ్యయనం) ఫలితాలు వచ్చాయి. మూడు గంటల్లోపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇస్తే, మూడు నెలల తర్వాత దాదాపు మామూలుగా ఉండే అవకాశం కనీసం 30 శాతం పెరుగుతుందని తేలింది. 2008లో ఇంకో ట్రయల్‌తో ఆ గడువు నాలుగున్నర గంటలైంది. అసలు గమనించాల్సింది ఏమిటంటే, 1995 ట్రయల్‌లో ఇంజెక్షన్ ఇవ్వడానికి సీటీలో గడ్డ కనపడాలని ఎవరూ అడగలేదు. రక్తం లేదని తేలాలి, అంతే. ఆ ఫార్వర్డు రాసినాయన లోపంగా చూపించిన "ఏమీ కనపడదు" అన్నదే ఇక్కడ వైద్యానికి పచ్చజెండా.

"నార్మలే కదండీ?"

ఒక రాత్రి ఒక రిటైర్డ్ టీచరు గారిని తెచ్చారు. భోజనం చేస్తుంటే కుడిచేతిలో ముద్ద జారిపోయిందట, పిలిస్తే పలకలేదట. గంట కూడా కాలేదు. సీటీలో రక్తం లేదు. కొడుకు కిటికీ దగ్గర నిలబడి ఫిల్మును ట్యూబులైటు వైపు పట్టుకుని చూస్తున్నాడు. కాసేపటికి రిపోర్టు వచ్చింది, "చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదు" అని. అతని ముఖం విప్పారింది. ఇంటికి ఫోన్ చేసి "ఏం లేదంటమ్మా, నార్మలేనంట, పొద్దున డాక్టరు గారికి చూపిద్దాం" అన్నాడు.

నేను బయటికి వెళ్లి, ఇది రక్తం లేదని మాత్రమే చెబుతుంది, జబ్బు లేదని కాదు, వెంటనే న్యూరో డాక్టరున్న చోటికి తీసుకెళ్లండి అన్నాను. "మీరు డాక్టరా?" అని అడిగాడు. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకుందామని. కాదన్నాను. స్కాన్ రాసిన డాక్టరుకు ఫోన్ చేస్తే, పేషెంటును ఇంటికి పంపి పొద్దున తీసుకురమ్మనమన్నారు. ఆ టీచరు గారు తర్వాత ఎలా ఉన్నారో నాకు తెలియదు. స్కాన్ సెంటర్లో పనిచేసేవాళ్లకు ఏ కథా చివరిదాకా తెలియదు.

ఆ డాక్టరునో ఆ కొడుకునో తిట్టడానికి ఇది చెప్పడం లేదు. కాగితం మీద ఉన్నదే చదువుకున్నాడు ఆ అబ్బాయి. రిపోర్టు రాసినవారు కూడా తప్పు రాయలేదు, బొమ్మలో కనపడినదే రాశారు. అందరూ తమ పని సరిగ్గానే చేశారు, ఇంజెక్షన్ ఇచ్చే టైము మాత్రం దాటిపోయింది. స్ట్రోక్ అనుమానంతో వచ్చిన సీటీ రిపోర్టులో మొదటి వాక్యం "రక్తస్రావం లేదు, ఇంతమాత్రాన స్ట్రోక్ కాదని అర్థం కాదు" అని ఉంటే ఎంత బాగుండునని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. వీలైతే తెలుగులోనే. అది చదివేది ముందు ఇంటివాళ్లే కదా.

స్కాన్‌కి ముందే మొదలైపోయే వైద్యం

మా దగ్గరికి వచ్చేలోపే చాలామందికి ఏదో ఒకటి జరిగి ఉంటుంది. పావురం రక్తం పూసుకుని వచ్చినవాళ్లను చూశాను. దానితో పోయేది టైము. అంతకంటే నాకు భయం వేసేది ఆర్ఎంపీ గారు ఇచ్చే రెండు బిళ్ళలు. ఒకటి బీపీ దించడానికి నాలుక కింద పెట్టేది, రెండోది ఆస్పిరిన్. గుండెపోటు గురించి యూట్యూబులో విన్నది తలకాయకు కూడా వర్తింపజేస్తున్నారు.

బీపీ సంగతి తీసుకోండి. రెండొందలు ఉంటే ఎవరికైనా టెన్షనే, దించాలనే అనిపిస్తుంది. చైనాలో చేసిన ఇంటరాక్ట్-4 అనే ట్రయల్ ఫలితాలు 2024లో వచ్చాయి. అంబులెన్సులోనే, స్కాన్ లేకుండానే బీపీ దించి చూశారు. అందరినీ కలిపి లెక్కేస్తే లాభమూ లేదు, నష్టమూ లేదు. విడదీసి చూస్తే మాత్రం రక్తం కారినవాళ్లకు మేలు జరిగింది, గడ్డ అడ్డుపడినవాళ్లకు కీడు జరిగింది. ఒకే మందు, ఒకే అంబులెన్సు. ఎవరికి మేలో ఎవరికి కీడో సీటీ తీసేదాకా తెలియదు. గడ్డ అడ్డుపడినప్పుడు పెరిగిన బీపీయే పక్కదారుల గుండా మెదడుకు కాస్త రక్తాన్ని నెడుతుంటుంది, దాన్ని ఒక్కసారిగా దించేస్తే అదీ పోతుంది. ఆస్పిరిన్ కథ దీనికి తలకిందులు. రక్తం కారుతున్నవాడికి అది ఇంకా చేటు.

కాబట్టి ఎంత చిన్న ఊరైనా, స్కాన్‌కి ముందు చేయదగ్గవి రెండే. షుగర్ చెక్ చేయడం, ఎన్ని గంటలకు మొదలైందో రాసుకోవడం. షుగర్ బాగా పడిపోయినా చెయ్యి లాగేసినట్టూ, మాట తడబడినట్టూ ఉంటుంది. మన ఊళ్లలో షుగర్ మందులు వేసుకుని అన్నం తిననివాళ్లు ఎంతమందో! అమెరికా మార్గదర్శకాలు కూడా గడ్డ కరిగించే మందుకు ముందు అందరికీ తప్పనిసరిగా చేయాల్సిన రక్తపరీక్ష షుగర్ ఒక్కటే అంటాయి. మిగతా రక్తపరీక్షల కోసం ఆగక్కర్లేదు, ప్రత్యేకంగా అనుమానం ఉంటే తప్ప.

ఎమ్మారై గొప్పదే

ఎమ్మారైని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. చిన్నమెదడు, మెదడు కాండం ఉండే వెనక భాగంలో సీటీ నిజంగా గుడ్డిది. అక్కడి దట్టమైన ఎముకలు బొమ్మంతా చారలు కొట్టిస్తాయి. తల తిరుగుడు, తూలుడుతో వచ్చేవాళ్లలో కొందరికి స్ట్రోకే ఉంటుంది, సీటీ చూసి "చెవి సమస్య" అని పంపించేస్తారు. తమాషా ఏమిటంటే అక్కడ మొదటి రోజు ఎమ్మారై కూడా ఒక్కోసారి మోసం చేస్తుంది. 2009లో వచ్చిన ఒక అధ్యయనంలో, కంటి కదలికలు చూసి చేసే హింట్స్ అనే చిన్న పరీక్ష మొదటి ఎమ్మారై కంటే బాగా పట్టుకుంది. దానికి మెషీన్ అక్కర్లేదు, నేర్చుకున్న డాక్టరు చాలు. (నేర్చుకున్న డాక్టరు దొరకడమే కష్టమనుకోండి.)

నిద్రలో స్ట్రోక్ వచ్చి తెల్లారేసరికి చెయ్యి పడిపోయినవాళ్లది ఇంకో కథ. ఎప్పుడు మొదలైందో తెలియదు కాబట్టి, ఇంతకు ముందు వాళ్లకు ఇంజెక్షన్ ఇచ్చేవారు కాదు. 2018లో వేక్-అప్ ట్రయల్ వచ్చాక, ఎమ్మారైలో రెండు రకాల బొమ్మలను పోల్చి, ఇది నాలుగున్నర గంటల్లోపుదేనని అంచనా వేసి మందు ఇస్తున్నారు. ఇక్కడ ఎమ్మారై చేసిన పని ప్లెయిన్ సీటీ చేయలేదు.

అయినా మొదటి మెషీన్ అదే కావాలని పట్టుబట్టడం వేరు. మా పక్క గదిలోనే ఎమ్మారై ఉంది కాబట్టి రోజూ చూస్తుంటాను. ముందు పేస్‌మేకర్ ఉందా, ఎప్పుడైనా ఆపరేషన్లో లోహం వేశారా అని అడగాలి. పేషెంటుకు మాట లేదు, వెంట వచ్చిన మనవడికి తెలియదు. ఆడవాళ్లయితే మంగళసూత్రం తీయాలి. ఆ మాట అనగానే గదిలో ఏడుపు మొదలవుతుంది, పసుపుకొమ్ము కట్టిన దారం కోసం ఎవరో పరిగెడతారు. వాచిన కాలి వేళ్లకు మెట్టెలు రావు. మొలతాడుకు తాయెత్తు ఉంటుంది. తీరా లోపలికి పంపితే, అయోమయంలో ఉన్న మనిషి తల కదిలిస్తుంటాడు, బొమ్మలన్నీ చెదిరిపోతాయి. తల సీటీకి చెవి కమ్మలు, జడ పిన్నులు, కట్టుడు పళ్లు తీస్తే చాలు. పెద్ద ఆసుపత్రుల్లో కొన్ని నిమిషాల్లో ముగిసే స్ట్రోక్ ఎమ్మారై పద్ధతులు ఉన్నాయి, అవి నడిచేచోట నాకే అభ్యంతరమూ లేదు. నేను మాట్లాడేది మెట్టెలు తీసే టైము గురించి.

ఒక సందేహం నాకే ఉంది. నిమిషానికి 19 లక్షల న్యూరాన్లు పోతాయని ప్రతి పోస్టరు మీదా వేస్తారు. 2006లో జెఫ్రీ సేవర్ అనే న్యూరాలజిస్టు వేసిన లెక్క అది, పెద్ద రక్తనాళం మూసుకుపోయినప్పుడు సగటున జరిగే నష్టం. మనిషి మనిషికీ ఇది చాలా మారుతుంది. పక్కదారి నాళాలు బాగున్నవాళ్లలో గంటల తర్వాత కూడా కాపాడుకోదగ్గ మెదడు మిగిలి ఉంటుంది. 2018లో అచ్చయిన డాన్, డిఫ్యూజ్-3 ట్రయల్స్ చూపించింది అదే. స్కాన్‌లో అలా మిగిలి ఉందని తేలినవాళ్లకు ఆరు గంటలు దాటాక కూడా, డాన్‌లో అయితే 24 గంటల వరకు, గొట్టంతో గడ్డను లాగేస్తే మేలు జరిగింది. మరి గడియారం గురించి ఇంత గోల ఎందుకు అని అడగొచ్చు. ఎందుకంటే అది ఏరి తీసుకున్నవాళ్ల కథ. ఆలస్యంగా వచ్చినవాళ్లందరిలో అలాంటివాళ్లు కొందరే, నువ్వు వాళ్లలో ఒకడివో కాదో ముందే తెలియదు. మా బస్టాండు దగ్గర ఒక హోర్డింగు మీద "స్ట్రోక్‌కు 24 గంటల్లోపు చికిత్స" అని పెద్దక్షరాలతో ఉంది. దాన్ని చదివి "ఇంకా టైముంది" అనుకునేవాడి గురించే నా భయం.

బల్ల మీదే ఇంజెక్షన్

ఫిన్లాండ్‌లోని హెల్సింకీ యూనివర్సిటీ ఆసుపత్రిలో 1998లో పేషెంటు గుమ్మం దాటిన దగ్గర్నుంచి ఇంజెక్షన్ పడేదాకా సగటున 105 నిమిషాలు పట్టేది. 2011కి అది 20 నిమిషాలకు దిగింది. ఇంకా మంచి మెషీన్ కొని సాధించింది కాదిది. అంబులెన్సువాళ్లు దారిలోంచే ఫోన్ చేస్తారు, పాత వైద్యం వివరాలు పేషెంటు రాకముందే తీసి చూస్తారు, ఎమర్జెన్సీ మంచం మీదికి మార్చకుండా అంబులెన్సు స్ట్రెచర్ మీదే నేరుగా సీటీ గదికి తోసుకెళ్తారు. డాక్టరు అక్కడే నిలబడి బొమ్మ చూస్తారు, సీటీ బల్ల మీదే మందు మొదలుపెడతారు. రేడియాలజిస్టు (స్కాన్ బొమ్మలు చదివి చెప్పే డాక్టరు) రాతపూర్వక రిపోర్టు తర్వాత వస్తుంది. ఇదే పద్ధతిని మెల్‌బోర్న్‌లో ఒక ఆసుపత్రి తీసుకుంటే కొన్ని నెలల్లోనే అక్కడా టైము పడిపోయింది. జర్మనీవాళ్లు ఇంకో అడుగు వేసి 2008లో అంబులెన్సులోనే సీటీ పెట్టేశారు.

"అది ఫిన్లాండు, మనది ఇండియా" అంటారని తెలుసు. అందుకే నాకు హిమాచల్ ప్రదేశ్ ఉదాహరణ ఎక్కువ ఇష్టం. కొండ రాష్ట్రం, న్యూరాలజిస్టులు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. 2014లో అక్కడ సీటీ ఉన్న జిల్లా ఆసుపత్రుల డాక్టర్లకు శిక్షణ ఇచ్చారు. స్ట్రోక్ కేసు వస్తే సీటీ తీసి, స్మార్ట్‌ఫోన్‌లో మెడికల్ కాలేజీ న్యూరాలజిస్టుకు పంపి, ఆయన సరే అంటే అక్కడే ఇంజెక్షన్ ఇచ్చేస్తారు. మందు ప్రభుత్వం ఉచితంగా పెట్టింది. మన రెండు రాష్ట్రాల్లో సీటీలు అంతకంటే తక్కువేమీ లేవు. 2005 నుంచి 108 ఉంది. ఫోన్లకు కరువే లేదు. మాకు లేనిది ఆ ఫోన్ అవతల ఎత్తే మనిషి ఎవరన్న నిర్ణయం.

మా రేడియాలజిస్టు గారి అభ్యంతరం

ఇదంతా మా సారుతో వాదించాను. ఆయన చెప్పింది తేలిగ్గా కొట్టిపారేయలేను. ఆ ఇంజెక్షన్ మంచినీళ్లు కాదు, అదే 1995 ట్రయల్‌లో మందు తీసుకున్నవాళ్లలో నూటికి ఆరుగురికి పైగా మెదడులో ప్రమాదకరంగా రక్తస్రావం అయింది, తీసుకోనివాళ్లలో నూటికి ఒకరికి కూడా కాలేదు. ట్యూబులైటుకు పట్టి ఫోటో తీసిన ఫిల్ములో పెద్ద బ్లీడింగ్ తెలుస్తుంది గానీ, మెదడు ముడతల మధ్య పాకిన పల్చటి రక్తం తెలియకపోవచ్చు. "నువ్వు పంపిన ఫోటో చూసి నేను లేదన్నాను, మందిచ్చారు, పేషెంటు పోయాడు. కోర్టులో ఎవరు నిలబడతారు?" అన్నారు.

ఫోటో విషయంలో ఆయనే రైటు. ఫిల్ము ఫోటో పంపకూడదు, మెషీన్ లోంచి అసలు ఫైలునే పంపాలి. ఇప్పుడు బ్లీడింగును గుర్తుపట్టే ఏఐ సాఫ్ట్‌వేర్లు మన దేశంలోనే తయారవుతున్నాయి. అవి తీర్పు చెప్పక్కర్లేదు, పడుకున్న డాక్టర్ని లేపితే చాలు. కోర్టు మాటకు మాత్రం నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఒకటే అన్నాను: మందిచ్చి పోయినవాడి గురించి అడుగుతారు, ఇవ్వక మంచాన పడినవాడి గురించి ఎవరూ అడగరు, అందుకే ఈ లెక్క ఎప్పుడూ ఒకవైపే తూగుతోంది. ఆయన నవ్వి ఊరుకున్నారు.

పెద్ద గడ్డల సంగతి ఇంకా మిగిలింది. 2015లో వరసగా వచ్చిన ఐదు ట్రయల్స్‌తో పెద్ద నాళంలో గడ్డను తీసేస్తే ఎంత లాభమో తేలింది. సుమారు ముగ్గురికి చేస్తే ఒకరికి వైకల్యం ఒక మెట్టయినా తగ్గుతుంది. అలాంటి గడ్డ ఉందో లేదో చూడటానికి డై ఎక్కించి సీటీ యాంజియో తీయాలి, గడ్డను గొట్టంతో లాగేసే క్యాత్ ల్యాబు గుంటూరులోనో విజయవాడలోనో ఉంటుంది. మరి దగ్గర ఊళ్లో ఆగాలా, నేరుగా అక్కడికే పోవాలా? స్పెయిన్‌లోని కాటలోనియాలో ఇదే ప్రశ్న మీద రేస్‌క్యాట్ అనే ట్రయల్ చేస్తే, 2022లో వచ్చిన ఫలితం ప్రకారం రెండు దారులకూ తేడా రాలేదు. కానీ అక్కడి దగ్గర ఆసుపత్రి అంటే సీటీ తీసి, ఇంజెక్షన్ ఇచ్చి, వెంటనే పైకి పంపే ఆసుపత్రి. సీటీ తీసి, ఫిల్ము ఇచ్చి, పొద్దున రమ్మనే చోటయితే ఆగడం దండగ, నేనే ముందుకు పొమ్మంటాను. మా సెంటరుకు కూడా ఇదే వర్తిస్తుంది.

వాదనంతా అయ్యాక సారు ఒక్కదానికి ఒప్పుకున్నారు. స్ట్రోక్ అనుమానం అని ఉంటే ఏ రాత్రయినా నేను నేరుగా ఆయనకు ఫోన్ చేసి ఫైలు పంపొచ్చు, స్కాన్ రాసిన డాక్టరుతో ఆయనే మాట్లాడతారు, ఫిల్ము, టైపు చేసిన రిపోర్టు తర్వాత. ఇప్పుడు చిక్కు ఇంకోచోట ఉంది. చీటీ మీద స్ట్రోక్ అనుమానం అని రాయాలి, మనిషి చివరిసారి మామూలుగా ఉన్నది ఎన్ని గంటలకో రాయాలి. చుట్టుపక్కల క్లినిక్కులకు తిరిగి ఇదే అడుగుతున్నాను. కొందరు రాస్తున్నారు. ఎక్కువ చీటీల మీద ఇంకా "సీటీ బ్రెయిన్ ప్లెయిన్" అని మాత్రమే ఉంటోంది.